నేతిగిన్నె మీద నీ పేరు

అమ్మా,

బొమ్మనహళ్ళిలో కొత్తగా సంగటి హోటలు పెట్టినారంటే ఈ పొద్దు నాయనను తీసుకోనిపోయినా. వడ్డించే ఆయన ముక్కున్న ఇత్తడి గిన్నెతో సంగటి మీద నెయ్యి పోస్తా ఉంటే, దాని కడుపు మీద చుక్కలు చుక్కలుగా 'జయమ్మ' అని కనపడింది. నీ పెండ్లికి ఆనేకల్ మామ చెక్కించిచ్చిన పేరే. నా ముద్ద చేతిలోనే నిలిచిపోయింది. పంక్తిలో ఆ గిన్నె నువ్వు తప్ప ఇంకొకరిని పట్టనిచ్చినావా?

నువ్వు పోయినాక ఇత్తడంతా అంగట్లో వేసి స్టీలు తెచ్చింది నాయనే. ఆయనా ఆ పేరు చూసినాడు.

"చాలా సార్?" అన్నాడు వడ్డించే ఆయన.

డాక్టరు నెయ్యి ముట్టొద్దన్నా, నాయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఇంగొంచెం పొయ్యప్పా. నిదానంగా."