బొమ్మ మీద అరచెయ్యి

సరోజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హోసూరు రోడ్డు ఫ్లైఓవర్ స్తంభాలు మన బొమ్మనహళ్ళి బడి దాకా వచ్చేశాయి. నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను.

పొద్దున టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి ఒకావిడ వచ్చింది, మన తెలుగావిడే. "మూడో క్లాసు దాటేలోపు ఏ పిల్లకైనా తప్పకుండా రావాల్సినవి ఏవో ముందు తేల్చుకోండి. మిగతావి తర్వాత" అంది.

మన హెడ్‌మిస్ ఊరుకుంటుందా? "అన్నీ ముఖ్యమేనమ్మా! పుస్తకంలో ఉండేది ఏది వదిలేదానికి అయితాది?" అని, మన బడి చదువు చూపించడానికి గీతను పిలిపించింది. నీ తర్వాత నాకిచ్చిన మూడో క్లాసులో ఫస్ట్ ర్యాంకు పిల్ల.

గీత ఇంగ్లీషు పాఠం గలగలా చదివేసింది. హెడ్‌మిస్ మొహం వెలిగిపోయింది.

అప్పుడు నాకు నీ అలవాటు గుర్తొచ్చింది. పిల్లలు చదువుతుంటే నువ్వు పాఠం బొమ్మ మీద అరచెయ్యి పెట్టేదానివి. చాదస్తమనేవాళ్ళు అందరూ. నేను పేజీ తిప్పి, పోయిన వారం క్లాసంతా గొంతు కలిపి అప్పజెప్పిన పాఠం తీసి, బొమ్మ మీద చెయ్యి పెట్టాను. "ఇది చదువమ్మా."

ఒక్క మాట రాలేదక్కా. మొదటి మాట కూడా.

గీత నా మొహంలోకి చూసింది. భయం లేదు, సిగ్గు లేదు.

"చెయ్యి తీయండి మిస్. బొమ్మ కనపడకుంటే ఎట్ల చదివేది?"