గింజలు కళ్లకద్దుకున్నవాడు

నంద్యాల, గురువారం

శివప్రతాప్,

ఈసారి దీవెనలు రాయడం లేదు.

మా వీధి అంగళ్లు కూల్చి పన్నెండంతస్తుల మేడ కట్టవద్దని నలభై ఒక్కమందిమి అర్జీ మీద సంతకాలు చేశాం. నిన్న ఉదయం తొమ్మిదింటికి ఆరుగురు ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని వచ్చారు. "అర్జీ రాసినోడు యాడుండాడ్రా?" అంటూ బియ్యం అంగడి మద్దిలేటిని బయటికి ఈడ్చి ఇనుప కడ్డీతో కొట్టారు. చెయ్యి రెండుచోట్ల విరిగింది. తల పగిలి రక్తం బస్తాల మీద చిమ్మింది. "ఏందప్పా, నేనేం చేసినా?" అని అతను అడుగుతూనే ఉన్నాడు.

కడ్డీ పట్టినవాడి కాలు కింద ఒలికిన బియ్యం మీద పడింది. వెంటనే వంగి, గింజలు తాకి కళ్లకద్దుకున్నాడు. మళ్లీ లేచి కొట్టాడు.

గింజ తొక్కితే అలా చేయాలని ఐదేళ్లప్పుడు నీ వీపు వాయగొట్టి నేర్పింది నేను. నీ ఎడమచేతి ఆరో వేలు కూడా చూశాను.

పోలీసులకు ఇంకా చెప్పలేదు. సోమవారం పదింటికి ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా స్టేషనుకు రా. అక్కడే కూర్చుని ఉంటాను. పదిన్నర దాటితే నీ పేరు నేనే చెబుతాను.

మద్దిలేటి కూడా నన్ను అవ్వా అనే పిలుస్తాడు.

మీ అవ్వ