కుందేలు ఎడమ కన్ను

నవంబరు 19, 1984
పన్నెండు కుందేళ్లు. ఎడమ కంట్లో పాలకుర్తి బూజు, కుడి కంట్లో ఎనుమాముల బూజు. రెండూ కంటి పుండ్లలోంచి తీసినవే: ఒకటి పాలకుర్తిలో వడ్లు తూర్పారబడుతుంటే కంట్లో పొట్టు పడ్డ లచ్చవ్వది, ఇంకోటి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీది. ఏది ఎక్కువ విషమో తేల్చాలి.

నవంబరు 26
బుద్ధి గడ్డి తిన్నది! బూజు ఎక్కించింది కుందేలు వెనకనుంచి, రోజూ చూసి రాసుకున్నది ఎదురుగా కూర్చుని. పట్టుకునే అటెండర్ కొమురన్నే కనిపెట్టాడు— "మేడం, మీ కుడి దానికి ఎడమ గదా?" నోట్‌బుక్ అంతా తారుమారు. కొత్తదాంట్లో మొదటినుంచీ సరిచేసి రాశాను. తెల్లబడి కరిగిపోతున్నవన్నీ పాలకుర్తి కళ్లే.

డిసెంబరు 1
పాత నోట్‌బుక్ అల్మారాలో లేదు.

డిసెంబరు 3
మా హెడ్ టేబుల్ మీద టైపు చేసిన పేపర్. నా అంకెలు, నా వాక్యాలు. పేరు మాత్రం ఆయనదొక్కటే. అడిగాను. "ఆడపిల్లవు, రేపు పెండ్లయి పోతవ్. పేరుతోని నీకేం పని?" నవ్వాడు.

సాయంత్రం—
దొంగ! నా తప్పు కూడా ఎత్తుకుపోయాడు! ఎనుమాములది ప్రమాదం, పాలకుర్తిది మామూలు అని రాసుకున్నాడు. చదవనీ. ఆరో తారీఖు కాన్ఫరెన్స్‌లో అందరి ముందు లేచి సరిచేసిన నోట్‌బుక్ విప్పుతాను. చేసుకున్నోడికి చేసుకున్నంత.

డిసెంబరు 4
చీర ఇస్త్రీ చేయించాను. అడగబోయే ప్రశ్న అద్దం ముందు మూడుసార్లు పలికాను. హాయిగా ఉంది.

డిసెంబరు 5
దవాఖాన మెట్ల మీద లచ్చవ్వ, ఒళ్లో మూట. "మీ పెద్దసారు కాయిదం చూసి, కండ్ల డాక్టరు ఇంటికి పొమ్మన్నడు బిడ్డా. మామూలు పుండేనట. చుక్కల మందు సాలట."

ఆ మామూలు ఎక్కడిదో నాకు తెలుసు. నా కుందేళ్ల కళ్లు ఏమయ్యాయో కూడా తెలుసు. ఆమె రెండో కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది.

ఇవాళ నోరు విప్పితే ఆయన పేపర్ దిద్దుకుంటాడు. రేపు తన పేరుతోనే చదివి చప్పట్లు కొట్టించుకుంటాడు. నేను మళ్లీ కుందేళ్లకు గడ్డి వేసుకుంటూ... ఛీ. ఒక్క రోజే కదా. ఒక్క రోజు.

"నువ్వు చెప్పు బిడ్డా, పోదునా?"

"చూసి చెప్త అవ్వా" అని గదికి వచ్చేశాను.

పాలకుర్తి బస్సు రెండింటికి. ఇప్పుడు ఒకటిన్నర. ఇంకా రాస్తూనే ఉన్నాను.