మేకలు వెంటపడ్డ లారీ

జీవన్‌కి అక్క రాసేది,

ఫోన్ చేస్తే గేటు దగ్గర డ్యూటీలో ఉన్నానని పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నా. పత్తికట్టెతో కరెంటు తీసే మీ ప్లాంటు వచ్చాక, ఆ కట్టెను చేలల్లో తగలబెట్టడం మానేశారు. పొగ పోయింది, పాపకు దగ్గు తగ్గింది. అది మంచే, కాదనను. కానీ ఎండుకట్టె తెచ్చే లారీకి అంత బిగించి పట్టా కట్టేది ఎందుకురా? నిన్న అది పోతుంటే నా మేకలన్నీ వెంటపడినయ్. ఎండు పత్తికట్టె కోసం మేక పరిగెత్తుద్దా? రోడ్డు మీద పచ్చి తుమ్మరెమ్మలు రాలి ఉన్నయ్. పోయి చూస్తే కాలవ కట్ట మీద సగం తుమ్మచెట్లు లేవు. మిగిలినవి కూడా పోతే మేకలకు మేత ఏది?

లారీల్లో ఏముందో నీకు తెలియదంటావు. మరి మొన్న ఆదివారం నువ్వొచ్చినప్పుడు, మేకలు నీ చొక్కా వాసన చూసి వదల్లేదేందిరా?

అక్క