ఒక్క కంటికే నలుపు

ప్రియమైన చెల్లాయికి,

నువ్వు అడగకముందే చెప్తున్నాను. మోకాళ్లు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి, నోరు మరీ బాగా.

మేడమీది గదిలో ఒక పిల్ల అద్దెకు దిగింది. కట్టుడు పళ్లు తయారుచేసే చోట పని. బట్టలు నలుపు, గోళ్లు నలుపు, పెదవులు నలుపు, మొహానికి సున్నం కొట్టినట్టు తెల్ల పౌడరు, వేలికి పుర్రె ఉంగరం. గోత్ అంటారట ఈ వేషాన్ని. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, రోమును కొల్లగొట్టిన గోతు జాతి చరిత్ర నాకూ తెలుసు. వాళ్లు నగరాలు కూల్చారు, ఈమె తన బండ బూట్లతో నా మెట్లు కూలుస్తోంది.

అసలు విషయం ఇది. నీ కూతురు నెల రోజులుగా నన్ను చూసే వంకతో వచ్చి ఆ గదిలోనే కూర్చుంటోంది. నిన్న ఆదివారం కిందికి దిగినప్పుడు చూస్తే కంటి చుట్టూ నలుపూ, ఊదా. అదీ ఒక్క కంటికే! రెండోదానికి పూసుకునే ఓపిక లేకపోయిందేమో. "పెళ్లయినదానివి, ఏమిటా వేషం? పోయి మొహం కడుక్కో" అన్నాను. కుళాయి దగ్గరికి వెళ్లింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అటునుంచి అటే వెళ్లిపోయింది.

అల్లుడికి కూడా రాశాను, భార్యను కాస్త అదుపులో పెట్టుకోమని.

ఆశీస్సులతో,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. ఆ సాయంత్రమే అల్లుడు ఫోను చేశాడు. ఎంత మర్యాదో! "అత్తయ్యగారూ, ఆ మేడమీది ఆవిడ దెయ్యాలను కొలిచే మనిషి. మన అమ్మాయి బుర్ర పాడుచేస్తోంది" అన్నాడు. మీ బావగారు మండిపడుతున్నారు. ఆ పిల్లను వెంటనే ఖాళీ చేయించు.

అమ్మాయి మళ్లీ వస్తే నచ్చజెప్పి పంపు. ఆ కంటి సంగతి మాత్రం అడగకు. అడిగితే ఏడుస్తుంది. ఏడవడం మొదలుపెడితే కాపురం నిలవదు.

నీ చెల్లెలు

*

చెల్లాయీ,

అడగలేదు. ఈ సోమవారం దానంతట అదే తెలిసింది.

పొద్దున అమ్మాయి ఒక సంచీతో వచ్చి నేరుగా మేడెక్కింది. మధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో నా ఉత్తరం. "మామయ్యగారూ, మీలాంటి పెద్దలు ఉండబట్టే మా కాపురాలు నిలుస్తున్నాయి" అన్నాడు. పొంగిపోయాను. అమ్మాయి ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను.

మెట్ల మీద ఆ నల్లబట్టల పిల్ల అడ్డంగా నిలబడింది. "తాతగారూ, ఆమెను మొహం కడుక్కోమన్నారట. కడుక్కుంది. పోయిందేమో మీరే చూడండి" అంది. వెనకే మన అమ్మాయి. కన్ను చుట్టూ నలుపు పోయి పసుపుపచ్చగా మారింది. పూసుకున్న రంగు అలా మారదని నాకు అప్పుడు వెలిగింది.

వాడు ఆ పిల్లను నెట్టాడు. మోచెయ్యి గోడకు కొట్టుకుంది, అయినా మెట్టు వదల్లేదు. నేను కర్ర పట్టుకుని మధ్యలోకి వెళ్లాను. వాడు తాపీగా జేబులోంచి నా ఉత్తరం తీసి నాకే చదివి వినిపించాడు. "మీరు చెప్పిందేగా చేస్తున్నాను?" అన్నాడు. ఆదివారం మీ ఆయన్నీ, పెద్దమనుషుల్నీ వెంటబెట్టుకుని వచ్చి భార్యను తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

తర్వాత ఆ పిల్ల మోచేతికి తడిగుడ్డ చుడుతూ అడిగాను, "నువ్వు చేసే పూజలేమిటమ్మా?" అని.

"సెలవు రోజున బట్టలు ఉతుక్కుంటా తాతగారూ. నలుపు తొందరగా వెలిసిపోతుంది."

"మరి ఆ పుర్రె?"

"మీ తలలోనూ ఒకటుంది."

నెల రోజులుగా నీ కూతురు ఏడవడానికి చోటిచ్చింది ఆ ఒక్కతే. నీకు ముందే తెలుసు కదూ? ఆదివారం రానీ. వాణ్ణీ, మీ ఆయన్నీ, సర్దుకుపొమ్మనే ఆ పెద్దమనుషుల్నీ, వాడి మర్యాద మెచ్చుకున్న నిన్నూ వరసగా నిలబెట్టి కడిగేస్తాను.

అన్నయ్య

*

అన్నయ్యా,

ఆ వరసలో నువ్వు లేవు.

పెళ్లయిన రెండో ఏడు విరిగిన చేతికి గుడ్డ కట్టుకుని నీ ఇంటికి వచ్చాను. నువ్వు ప్రూఫుల్లోంచి తలెత్తలేదు. "ఏ ఇంట్లో లేదే? సర్దుకో" అన్నావు. వాన పడుతోందని గొడుగు పట్టి మరీ తీసుకెళ్లి బస్సెక్కించావు. ఆ చేతికేమైందని దారిలో ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండా ఉండడం నీ దగ్గరే నేర్చుకున్నాను. పోయిన ఏడాది నా కూతురు వీపు చూపించినప్పుడు, నీ మాటలే పొల్లుపోకుండా దానికి ఒప్పజెప్పాను. ఆ పాపం నాది. కాదనను.

ఈ ఉదయం పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చాను, నా కూతురి వీపు మీద నేను చూసినవన్నీ రాసి. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. రెండో కాగితం మీ బావగారి మీద రాశాను. "ముప్పై నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చారమ్మా" అని అక్కడి రైటర్ నవ్వాడు. నవ్వుతూనే రెండింటి మీదా ముద్ర వేశాడు.

శనివారం ఒక్కదాన్నే వస్తున్నాను. మళ్లీ ఇక్కడికి రాను. ఆదివారం వాళ్లంతా వచ్చినప్పుడు మాట్లాడేది నేను. నువ్వు కూర్చుని విను. మేడమీది గదిలో ముగ్గురికి చోటు సరిపోతుందేమో ఆ పిల్లను అడుగు. నీ గదిలో ఉండలేను.

నీ మీద రాసిన ఈ మూడో కాగితం ఏ స్టేషన్‌లోనూ తీసుకోరు. అందుకే నీకే పంపుతున్నాను.

చెల్లెలు