షిప్పు కార్డులు పంపేదెవరు

సురంగల్, మొయినాబాద్ మండలం
19 ఆగస్టు 2007, ఆదివారం

మహేశన్నకు,

సురంగల్ నుంచి భూపాల్ దండం పెట్టి రాస్తున్న. మా ఇంట్ల అవ్వ, బాపు, నిర్మల, బిడ్డ అందరు మంచిగనే ఉన్నరు. మోకిలల నువ్వు, వదిన, పిల్లలు సల్లగుండాలె. ఇంతవరకు రాసుడు సులువే అయింది. దీని తర్వాత ఏం రాయాల్నో తెల్వక పొద్దటి సంది పెన్ను పట్టుకొని కూసున్న. ఫోన్ చేద్దామంటె నువ్వు ఎత్తవు. కాయితమైతే కట్ చెయ్యలేవు గద, అందుకే రాస్తున్న.

మొదలు కార్డుల ముచ్చట. నువ్వు పంపుతున్న షిప్పు బొమ్మల పోస్టుకార్డులు అన్ని చేరినయి. ఒక్కటి గూడ పోలె. వానకు తడిసి ఒకదాని మూల జర లేచింది, అంతే. పేరు రాయకుంట పంపితే నాకు ఎరుక కాదనుకున్నవా? ఈ చేవెళ్ళ, మొయినాబాద్‌ల మనిద్దరికి తప్ప షిప్పు కార్డుల పిచ్చి ఇంకెవరికున్నది?

మన బండ్లల్ల కంపెనీకి పోయొచ్చే వనిత మేడం సింగపూర్ పోయొచ్చి మొదటి కార్డు ఇచ్చిన దినం నాకు నిన్ననో మొన్ననో అయినట్టున్నది. గచ్చిబౌలిల కంపెనీ ముందట బండ్లు పెట్టుకొని ఇద్దరం చాయ తాగుతున్నం. నువ్వు కార్డు చూసి, ఇది షిప్పు కాదు, ఏదో పెద్ద హోటల్, ముందట సముద్రం ఉన్నదంతే అన్నవు. నేను కిందికి నీళ్ళల్ల దాని ముక్కు చూపించిన. మన ముందటున్న అద్దాల బిల్డింగుకు తెల్ల సున్నమేసి, అడ్డంగ పండబెట్టి నీళ్ళల్లకు తోసినట్టున్నది ఆ షిప్పు. అంతస్తు మీద అంతస్తు. అన్నిటికంటె మీద ఈత కొలను. సముద్రం మీద పోయేటోళ్ళకు మళ్ల ఈత కొలను ఎందుకని నువ్వు అడిగినవు. దానికి జవాబు నాకు ఇప్పటికి దొరకలె.

ఆడికెల్లి షురువైంది. గండిపేట చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడనోళ్ళం, విమానమెక్కే ప్రతి సారుకు, మేడంకు ఒకటే మాట చెప్తుంటిమి: చాక్లెట్లు వద్దు, పెద్ద షిప్పు కార్డు దొరికితే తెండ్రని. పాతకాలపు పొగగొట్టాల షిప్పులు మనకు అక్కెర లేదు. కొత్తయి కావాలె, ఊరంత పెద్దయి కావాలె. నువ్వయితే మీ పెండ్లి ఆల్బంలకెల్లి ఫోటోలు తీసేసి, వదినతోని తిట్లు తిని మరీ అండ్ల కార్డులు పెట్టినవు. ఏ షిప్పు పెద్దదో తేల్చనీకె పక్కలకు వేలాడే నారింజ రంగు చిన్న పడవలు లెక్కపెట్టేటోళ్ళం. వెనుక వైపు కనవడే కార్డు గొప్పదని నువ్వు, ముక్కు కనవడేది గొప్పదని నేను. టపాల రాని కార్డు సగం కార్డే, స్టాంపు మీద ముద్ర పడితేనే అది సముద్రం దాటినట్టు అని నువ్వంటివి. ముద్ర పడితే బొమ్మ ఖరాబైతదని నేనంటి. ఆ పంచాయితి తెగనే లేదు.

తర్వాత నువ్వు ట్రావెల్స్ ఇడిసిపెట్టి మోకిలల ప్లాట్లు అమ్మే వెంచరోళ్ళ దగ్గర చేరినవు. మంచిదే అన్న. స్టీరింగ్ పట్టుకొని ఎంతకాలమని. నువ్వు పెద్దగైతే నాకు సంతోషమే గద. డ్యూటీ లేనప్పుడు మా ఇంటికి వస్తనే ఉంటివి, మా అవ్వ పెట్టిన జొన్నరొట్టె తింటనే ఉంటివి.

పోయినేడు దసరా ముందట ఏమైంది అన్నా? నేను డ్యూటీకి పోయిన్నాడు నువ్వు మా ఇంటికి వచ్చినవట. ఆల్బం నిర్మల చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి పోయినవట. అంతే. మళ్ల రాలె. ఫోన్ ఎత్తలె. నిర్మల నిన్ను అన్న అనే పిలుస్తది గద, మా బిడ్డ పుట్టెంట్రుకలకు మేనమామ లెక్క ముందటుంటవనుకుంటె, నీ జాగ ఖాళీగనే ఉన్నది. చేవెళ్ళ చౌరస్తల ఎదురైతే బండి మర్లేసుకొని పోయినవు. నేను చెయ్యి లేపిన. లేపిన చెయ్యి ఏం చెయ్యాల్నో సమజ్ కాక తల గోక్కున్న.

నేనేం చేసిన? నీ మీద ఎవరికన్న ఏమన్న అన్ననా? యాదికి తెచ్చుకొని తెచ్చుకొని పరేశానైన. నిర్మలను అడిగితే, నాకేం తెలుసు అని పొయ్యి దగ్గరికి పోతుండె.

గిట్ల ఉండంగ, ఈ ఏడు ఉగాది దాటినంక మొదటి కార్డు వచ్చింది. పోస్టుమాన్ మైసయ్య సైకిల్ దిగకుంటనే, ఏం భూపాల్, సముద్రాల అవతల గూడ భూములు కొన్నవా అని నవ్విండు. చూస్తె షిప్పు! మన ఆల్బంల లేనిది. నాలుగు రంగుల జారుడుబండ మీదికెల్లి కిందికి మెలికలు తిరిగి ఉన్నది. ఇంగ్లీషుల నా పేరు, మా ఊరు. స్టాంపు, దాని మీద నల్లగ ముద్ర. ముద్ర చూడంగనే నువ్వే అనుకున్న. పాత పంచాయితి గెలువనీకె ఇట్ల చేస్తున్నవని నవ్వుకున్న. నిజం చెప్తున్న, ఆ దినం నాకు ఆకలి గూడ కాలె.

తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. అన్ని వేరే వేరే దేశాలు, వేరే వేరే చేతిరాతలు. మొదలు సమజ్ కాలె, మోకిలల ఉండేటోడు ఇన్ని దేశాలకెల్లి ఎట్ల పంపుతడని. తర్వాత అనుకున్న, మీ వెంచర్ల ప్లాట్లు కొనేటోళ్ళు అన్ని దేశాలల్ల ఉంటరు గద, వాళ్ళతోని పంపిస్తున్నవేమో. గట్లయితె లెక్క కుదిరింది. గని ఆ కార్డుల మీది రాతలు మాత్రం నన్ను ఆగం చేసినయి. ఫిన్లాండు అనే దేశం నుంచి వచ్చినదాన్ని వనిత మేడంతోని చదివించిన. మా ఊళ్ళె ఇంక మంచు కరగలె, మా ఇంట్ల ముసలి పిల్లి ఒకటున్నది, మీ ఇంట్ల పిల్లి ఉన్నదా అని రాసి ఉన్నదట. ప్లాటు కొన్నాయన నాకు పిల్లి ముచ్చట ఎందుకు రాస్తడు? నువ్వు రాయమన్నవా? పిల్లి అంటె నువ్వా, నేనా? నేను గింత ఫికర్ పడుతుంటె మేడం మొహం కిటికీ దిక్కు తిప్పుకొని నవ్వుతున్నది. ఎందుకు నవ్విందో అది గూడ సమజ్ కాలె.

మా అవ్వకైతే ఒకటే భయం. నీళ్ళ మీది కొలువుకు నన్ను ఎవరో పిలుస్తున్నరని, ఒక కార్డు తీసి బియ్యం డబ్బల దాచింది. అన్నం వండంగ దొరికింది. కార్డు వచ్చినప్పుడల్ల నేను, మహేశన్న పంపిండు చూడు అని నిర్మలకు చూపెడుత. ఆమె చూసి, మంచిగున్నది అని మాట మర్లేస్తది. నీ మీద కోపమున్నదేమో అనుకుంటున్న. ఉండదా మరి.

పోయిన ఆదివారం ఇగ ఆగలేక మోకిల వచ్చిన. నీకు ఎరుకే. రంగురంగుల జెండాల నడుమ టెంటు కింద, తెల్ల అంగి ఏసుకొని ఎవరికో ప్లాట్ల నక్ష చూపెడుతున్నవు. నన్ను చూసినవు. నవ్వు వచ్చినట్టే వచ్చింది నీ మొహం మీదికి. రెండు అడుగులు ముందటికి గూడ ఏసినవు. మళ్ల ఏమైందో, వెనుకకు మర్లి లోపటికి పోయినవు. నేను బండి దగ్గర నిలవడి నిలవడి చూసిన. ఎవరో పిలగాళ్ళు వచ్చి, ప్లాటు చూస్తవా అని అడిగిన్రు. చూడ అని చెప్పి మర్లొచ్చిన.

గదే నాకు అర్థమైతలేదు అన్నా. సముద్రాల అవతలికెల్లి కార్డులు పంపేటోడు, పది అడుగుల దూరం నడిచి రాలేడా? కోపమైతే కార్డులెందుకు? ప్రేమైతే మొహం దాచుడెందుకు? రెండిట్ల ఏదో ఒకటి చెప్పు. తిట్టాలంటె వచ్చి తిట్టు. నేను కూసొని వింట.

ఇంత రాసినంక జర బరువు తగ్గింది. నువ్వు కార్డులు పంపుతున్నవనే ధైర్యంతోనే ఇదంత రాసిన. అవి రాకపోతే నాకు రాయనీకె చెయ్యి రాకపోతుండె. వదినకు దండాలు. పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడసొంటి
భూపాల్

తా.క.: అన్నా, కవరు అంటియ్యనీకె నాలుగు అన్నం మెతుకులు తెమ్మని నిర్మలను పిలిచిన. తప్పులున్నయేమో చూడు అని కాయితం గూడ ఆమె చేతుల పెట్టిన.  చదివి గడప మీద కూసున్నది. ఇది పోస్టు చెయ్యొద్దు అన్నది. ఎందుకని అడిగిన. కార్డులు పంపేది మహేశన్న కాదు అన్నది.

నాకు మొదలు చెవికెక్కలె. మళ్ల చెప్పమన్న.

వనిత మేడం నంబరు నా ఫోన్లకెల్లి తీసుకొని, కిరాణ దుకాణం ఫోనుకెల్లి మాట్లాడిందట. కంప్యూటర్ల అన్ని దేశాలోళ్ళు కార్డులు మార్చుకునే జాగ ఒకటున్నదట. మేడం అండ్ల నా పేరు ఎక్కించి, ఈయనకు పెద్ద షిప్పులంటె పానం అని రాసిందట. ఈడికెల్లి నా పేరు మీద చార్మినార్ కార్డులు, గోల్కొండ కార్డులు పోతున్నయట. ఆ ఫిన్లాండాయన నిజంగనే పిల్లి గురించే అడిగిండట. నేనే ఇంకా జవాబియ్యలేదట. నువ్వు పోయినంక నేను దినాం ఆల్బం ముందటేసుకొని, కొత్త పేజీ తెరిచి కూసునుడు చూడలేకపోయిన అన్నది నిర్మల.

మరి నేను మహేశన్న మహేశన్న అంటుంటె ఒక్కసారన్న చెప్పొద్దా అని గట్టిగ అడిగిన. చెప్తె, అన్న ఎందుకు పోయిండో గూడ చెప్పవలసొస్తుండె, అది చెప్పనని ఆయనకు మాటిచ్చిన అన్నది. అని ఏడ్చింది. ఇగ దాచలే.

ఆ దినం నువ్వు చెప్పింది ఆమె చెప్పినట్టే రాస్తున్న, తప్పయితే నువ్వే దిద్దు. మా రోడ్డు పక్క పొలం మీద మీ వెంచరు సేటు కన్ను పడ్డదట. నీ దోస్తుదే గద, నువ్వే అడిగి ఇప్పించు అని దినాం నీ మీద కూసుంటున్నడట. నువ్వేమో, నేను నోరు తెరిచి అడిగితే భూపాల్ లేదనలేడు, పొలం పోతే వాళ్ళ బాపు బతుకడు, అందుకే అడగ, అడగకుంట ఉండాల్నంటె మాకు మాటల్లేవని సేటు నమ్మాలె, నేను ఇగ ఈ గడప తొక్కొద్దు అన్నవట. నీళ్ళ చెంబు కింద పెడుతుంటె నీ కండ్లల్ల నీళ్ళున్నయట.

అన్నా, నాకు ఎవరి మీద కోపం చెయ్యాల్నో తెలుస్తలేదు. నిర్మల మీద చేద్దామంటె, ఆమె నీకిచ్చిన మాట నిలుపుకుంట, నా కోసం ఫిన్లాండు దాక పోయింది. నీ మీద చేద్దామంటె, నా పొలం కాపాడనీకె నువ్వు మా బిడ్డ పండుగ ఇడిసిపెట్టుకున్నవు. నేనొక్కన్నే ఏం తెల్వకుంట పిల్లి అర్థం వెతుక్కుంట తిరిగిన.

ఈ కాయితం సగం తప్పులే అని తేలింది. చింపేద్దామనుకున్న. చింపితె మళ్ల రాయనీకె నాకు చేతకాదు, అందుకే ఉన్నదున్నట్టు పంపుతున్న. కార్డుల మాట తప్పు, తక్కినదంత నిజం.

ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు అడిగితే నేను లేదనలేనని ఎట్ల అనుకున్నవు? నిన్న ఇంతవరకు రాసి ఆపిన, ఇయ్యాల పొద్దుగాల పొలం కాడికి పోయి బాపును అడిగొచ్చిన. బాపు పార ఇడువకుంటనే, ఎవడు అడిగినా ఇయ్య అన్నడు. మహేశన్న అడిగితేనో అన్న. వానికైతే అన్నం పెట్టి ఇయ్యనని చెప్త అన్నడు. వచ్చే ఆదివారం రా. సేటును గూడ తోలుకొస్తె తోలుకరా. మా వాకిట్ల కూసొని, అందరి ముందట, పొలం ఇయ్యి అని నోరు తెరిచి అడుగు. నేను ఇయ్యనంట. సేటుకు ఆ మాట నీ ముందటనే వినవడుతది, నీ తిప్పలు నీకు తప్పుతయి. మాట తప్పినందుకు నిర్మల నీకు మొహం చూపెట్టనంటున్నది, ఆమెను నువ్వే పిలువాలె. అడిగినోడు, ఇయ్యనన్నోడు ఒక్క బంతిల కూసొని తినొద్దని ఏడ రాసున్నది అన్నా?