మూడు మిల్లీమీటర్ల కాపలా

ఫిబ్రవరి 20, ఉదయం 7
ఫ్యూజు పోతే రాగితీగ దట్టంగా చుట్టి, ఇల్లంటుకున్నాక గ్రహాల్ని తిట్టే మనుషులు మీరు. ఈ డైరీ మీకోసమే. చదివి సిగ్గుపడండి.

అల్లవరంలో ఒక స్వామి ట్యూబులైటు చేత్తో పట్టుకుని వెలిగిస్తున్నాడు. శక్తి అట. దాపున టెస్లా కాయిల్, అంటే గాల్లోకే మెరుపులు చిమ్మే హెచ్చు ఓల్టేజి తీగచుట్ట, దాచితే ఎవడి చేతిలోనైనా వెలుగుతుంది. ఇరవై ఎనిమిదిన రాజోలు హైస్కూల్లో చూపిస్తాను.

నా కాయిల్‌కి ట్రాన్స్‌ఫార్మరు: పాత నియాన్ బోర్డుది. ఒక్కటే ఉంది. మోటార్ల వైండింగు చేసే అమ్మిరాజు తెచ్చాడు. దానికి కాపలాగా రెండు ఇత్తడి బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. నడుమ సందు మూడు మిల్లీమీటర్లు. ఓల్టేజి హద్దు దాటితే నిప్పురవ్వ అక్కడ దూకుతుంది, వైండింగు బతుకుతుంది.

"ఆ సందు పెంచకండి మేస్టారూ. లోపల కాలిందంటే నావల్ల కాదండి."

చచ్చినా పెంచను.

ఫిబ్రవరి 22
కాంతం ట్రాన్స్‌ఫార్మరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ముప్పయ్యేళ్లుగా నా ఉపన్యాసాలు విన్న భార్య. తెంపి పారేశాను.

ఫిబ్రవరి 24
కాయిల్ మెరుపు బెత్తెడు. "గ్యాస్ లైటరు నయవండీ," అంది కాంతం. మెరుపు పెంచబోతే బోల్టుల మధ్యే టపటపా పేలి ఆగిపోతోంది. బోల్టు అరచుట్టు తిప్పాను. ఇది పెంచడం కాదు, సర్దడం.

ఫిబ్రవరి 25
సముద్రపు గాలి. తేమ. ఇంకో రెండు చుట్లు. తప్పు వాతావరణానిది.

ఫిబ్రవరి 26, సాయంత్రం 5
సందు ఏడు. మెరుపు మూరెడు. అద్భుతం.
అమ్మిరాజు ఫోను: "సందు మూడేనాండి?"
"మూడే."
కాంతం వింది. నిన్న కాలలేదు, ఇవాళా కాలదన్నాను.
"నిమ్మకాయని నమ్మేవాళ్లదీ అదే మాట కదండీ," అంది.
జవాబు రాయదగింది కాదు.

ఫిబ్రవరి 28
11.10: రెండువందలమంది పిల్లలు. స్విచ్చి వేశాను.
11.11: ట్యూబు వెలిగింది. చప్పట్లు.
11.12: ట్రాన్స్‌ఫార్మరులోంచి తారు కాలిన వాసన. పొగ. చీకటి ట్యూబు నా చేతిలో.
వెనక బెంచీలోంచి ఎవరో పెద్దాయన: "స్వామివారిది ఆరలేదండీ."
పిల్లలు నవ్వేరు. వాళ్లిప్పుడు ఎవర్ని నమ్ముతారో నాకు తెలుసు.

మార్చి 1
"పెంచేరాండి?" అన్నాడు అమ్మిరాజు.
"పెంచేను. ఇంకొకటి దొరుకుతుందా?"
"ఆయ్. మండపేటలో పాత బోర్డుందండి. కానీ ఈసారి మీకివ్వనండి, అమ్మగారికిస్తాను."

ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు. నా మీద నా డిమాండ్లు:
1. సందు మూడు మిల్లీమీటర్లే.
2. బోల్టుల మీద ప్లాస్టిక్ డబ్బా, దానికి తాళం.
3. రాజోలులో అదే పిల్లల ముందు మళ్లీ ప్రదర్శన. ముందు నా అబద్ధం బయటపెట్టాలి, తరవాత స్వామిది.
4. తాళంచెవి కాంతం దగ్గర. నేనెంత వాదించినా ఇవ్వకూడదు.